ఏడో ఆఖరి రైలు

గంగిరేగువలస హాల్ట్ స్టేషన్‌కి నేను ఏడుసార్లు కన్నీటి వీడ్కోలు చెప్పాను. అందులో మూడోసారిది ఫొటోలో చాలా బాగా వచ్చింది. మిగతా ఆరుసార్లూ ఎవరిదో ఒకరి చెయ్యి అడ్డం పడింది.

ఆ స్టేషన్ మా ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు. ఒక రేకుల షెడ్డు, ఒక సిమెంటు బెంచీ, ఒక పసుపు బోర్డు. పొద్దున్న ఏడూ పదికి పాసింజరు రైలు మా ఊరికి వస్తూ అక్కడ ఒక్క నిమిషం ఆగుతుంది. సాయంత్రం తిరిగి వెళ్తూ ఇంకో నిమిషం. మొత్తం మీద రోజుకి రెండు నిమిషాల స్టేషన్. స్టేషన్ మాస్టరు లేడు. గురివినాయుడనే హాల్ట్ ఏజెంటు ఉన్నాడు. హాల్ట్ ఏజెంటంటే రైల్వే ఉద్యోగి కాదు. పెద్ద స్టేషన్‌కెళ్లి టికెట్ల కట్ట తెచ్చుకుని, కిటికీ వెనకాల కూచుని అమ్ముకునే మనిషి. ఆయన దగ్గర రోజూ టికెట్ కొనే మనిషి కూడా ఒక్కరే. అసిరమ్మ.

అసిరమ్మ రెండు గంపల ఆకుకూరతో ఆ రైలెక్కి ఎనిమిదింటికల్లా మా విశ్రాంత ఉద్యోగుల కాలనీలో ఉంటుంది. తెల్లారి కోసిన గోంగూర, తోటకూర, బచ్చలి. వాళ్ల ఊరికి బస్సు లేదు. ఆటో కట్టించుకుంటే ఆ రెండు గంపలూ ఆటోవాడికే ఇచ్చేసి ఇంటికెళ్లిపోవాలి. కాబట్టి ఆ రైలు ఆ ఒక్క నిమిషం ఆగితేనే అసిరమ్మకి ఆ పూట గడుస్తుంది. ఈ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. కాకపోతే అది ఆకుకూర సంగతి, చరిత్ర సంగతి వేరు అనుకున్నాను.

చరిత్ర మా కాలనీకి ఒకరోజు పేపర్లో వచ్చింది. తొంభై రోజుల్లో సగటున రోజుకి పదిహేను టికెట్లు అమ్ముడవని హాల్ట్ స్టేషన్లని మూసేస్తారట. గంగిరేగువలసలో సగటు ఒకటి. వచ్చే ఆదివారం ఆఖరి రైలు.

ఆ సాయంత్రమే పార్కులో మీటింగు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన కామేశం గారు లేచి నిలబడి, "ఆ స్టేషన్ మన బాల్యం!" అన్నారు. ఆయన బాల్యం కాకినాడలో గడిచింది. అయినా అందరం చప్పట్లు కొట్టాం. అక్కడున్న అరవైమందిలో ఒక్కరం కూడా ఆ స్టేషన్లో ఎక్కలేదు, దిగలేదు. దాన్నే కామేశం గారు "మాటలకందని అనుబంధం" అన్నారు. అక్కడికక్కడే స్టేషన్ పరిరక్షణ సమితి ఏర్పడింది. ఆయన ప్రెసిడెంటు. మున్సిపల్ ఆఫీసులో ముప్ఫై మూడేళ్లు ఫైళ్లు పంపినవాణ్ని కాబట్టి నేను సెక్రటరీని.

ఆదివారం కార్లలో బయల్దేరాం. రైల్లో వెళ్లాలంటే ముందురోజు సాయంత్రమే వెళ్లి అక్కడ పడుకోవాలి. అంత అనుబంధం మాకు లేదు.

వెళ్లేసరికి మాలాంటి సమితులు మండలానికొకటి వచ్చి ఉన్నాయి. ప్లాట్‌ఫాం మీద ఇసక వేస్తే రాలదు. అందరికీ గుర్తుగా ఒక టికెట్ కావాలి. కొందరికి పిల్లల పేర కూడా కావాలి. గురివినాయుడి కట్ట పది నిమిషాల్లో అయిపోతే, పెద్ద స్టేషన్‌కి మోటారు సైకిలు మీద మూడుసార్లు మనిషిని పంపి కొత్త కట్టలు తెప్పించాడు. ఏడూ పదికి రైలొచ్చింది. ఇంజనుకి దండేశాం. డ్రైవరుకి దండేశాం. దండ మిగిలిందని గార్డుకీ వేశాం. మనుషుల మధ్యలోంచి ఒక గంప పైకి లేచింది.

"తప్పుకోండి బాబూ, తప్పుకోండి! నానెక్కాల!"

"అమ్మా, కాస్త ఆగు. గంప ఫొటోలో పడుతోంది," అన్నారు కామేశం గారు.

"ఆగితే రైలెల్లిపోద్ది బాబూ!"

"వెళ్లిపోతుందనే కదమ్మా అందరం వచ్చాం!"

వెళ్లిపోయింది. అందరం చేతులూపాం. ఆ రైలు ఎక్కాల్సిన మనిషి కూడా మాతో పాటే ప్లాట్‌ఫాం మీద ఉండిపోయింది. ఆవిడ మాత్రం చేతులూపలేదు. చేతుల్లో గంపలున్నాయి.

ఇంటికొస్తే మా ఆవిడ సుభద్ర గుమ్మంలో నిలబడి ఉంది. "ఇవాళ అసిరమ్మ రాలేదండీ. పప్పులోకి ఆకు లేదు."

"ఎలా వస్తుంది? స్టేషన్లోనే ఉండిపోయింది. నేను చూశాను."

"చూశారు కదా, కార్లో ఎక్కించుకు రాలేకపోయారా?"

ఆడవాళ్లకి చారిత్రక దృష్టి ఉండదని నాకు ఆ రోజు అర్థమైంది.

మర్నాడు తేలిందేమిటంటే, ఆ ఒక్క పూటలో పద్నాలుగు వందల చిల్లర టికెట్లు తెగాయి. దాన్ని తొంభై రోజులకీ పంచితే సగటు రోజుకి పదిహేను దాటింది. రూలు ప్రకారం స్టేషన్ మూయడానికి వీల్లేదు. కాలనీలో స్వీట్లు పంచాం. మిగతా ఎనభై తొమ్మిది రోజులూ మాలో ఒక్కరం కూడా అటు పోలేదు. అసిరమ్మ ఒక్కతే పోయింది. రికార్డుల్లో మాత్రం ఆవిడ రోజుకి పదిహేను మంది.

తొంభై రోజులు తిరిగాక లెక్క మళ్లీ ఒకటికొచ్చింది. మళ్లీ ప్రకటన. మళ్లీ ఆఖరి రైలు. ఈసారి ఇంకా ఎక్కువమంది వచ్చారు. మొదటిసారి రాలేకపోయినవాళ్లు, వచ్చినా ఫొటోల్లో సరిగ్గా పడనివాళ్లు. సగటు ఇరవై దాటింది. మళ్లీ మూత రద్దు.

అప్పుడు డివిజను ఆఫీసు నుంచి ఫణిభూషణరావు గారనే అధికారి పరిశీలనకి వచ్చారు. మనిషి సన్నం, ఫైలు లావు. పసుపు బోర్డు కింద నిలబడి, అంతా చూసి, మా ఎదురుగానే ఆయన గుమాస్తాకి చెప్పి రాయించారు.

"తెలియజేయునదేమనగా, సదరు స్టేషను తెరిచియున్న దినములలో వినియోగం శూన్యముగాను, మూసివేయు దినమున విశేషముగాను ఉన్నట్లు గమనించడమైనది. కావున ప్రజాసౌకర్యార్థం మూసివేతను క్రమబద్ధం చేయవలసియున్నది."

"అంటే ఏంటండీ?" అన్నాను.

"అంటే, ఈ స్టేషన్‌కి గిరాకీ మూసినప్పుడే ఉంది. గిరాకీ ఉన్నదాన్నే మేం పెంచాలి. అది మా విధానం."

"మూయడాన్ని పెంచుతారా?"

"మూడు నెలలకొకసారి. పండగ సెలవుల్ని బట్టి ముందూ వెనకా."

అంతటితో ఆగలేదు. 'ఆఖరి రోజుల క్యాలెండరు' అచ్చేసి ప్రతి స్టేషన్లోనూ పెట్టారు. ఆఖరి రైలు చూడాలనుకునేవాళ్ల కోసం మా ఊరి నుంచి ఒక ప్రత్యేక రైలు వేశారు. అది ఏడింటికే గంగిరేగువలస చేరి పక్క లైన్లో ఆగుతుంది. నాలుగోసారికి 'వీడ్కోలు సౌకర్యాల విభాగం' అని ఒక కొత్త సెక్షను పుట్టింది. ఎక్కేవాళ్లకి అరవై ఏళ్లుగా లేని తాగునీటి కుళాయి, చేతులూపేవాళ్లకి వారంలో వచ్చింది. ప్లాట్‌ఫాం పొడుగు పెంచితే రైలు ఎక్కడ ఆగాలో తేడా వస్తుందని వెడల్పు పెంచారు. ఏడవడానికి షెడ్డు వేశారు. దాని మీద 'భావోద్వేగ నిరీక్షణ మందిరం' అని రాశారు. ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరు వేరు.

జనం కూడా విభాగానికి తగ్గట్టే పెరిగారు. తప్పెటగుళ్లు వాయిస్తూ చిందేసేవాళ్లొచ్చారు. పీచుమిఠాయి వచ్చింది. కాబోయే దంపతులు పెళ్లికి ముందు తీయించుకునే ఫొటోలకి ఆ పసుపు బోర్డు దగ్గరే ముహూర్తం పెట్టుకున్నారు. పెళ్లికూతురు గార్డు పచ్చజెండా పట్టుకోవాలి, పెళ్లికొడుకు పరిగెత్తాలి. ఒక పెళ్లికొడుకు నిజంగానే రైలెక్కి వెళ్లిపోయాడు. పెళ్లి ఆగిపోయింది గానీ, ఆ స్టేషన్లో ఆ ఏడాది అసిరమ్మ కాకుండా ఎక్కిన ప్రయాణికుడు అతనొక్కడే.

కామేశం గారు ప్రతిసారీ స్టేషన్ చరిత్ర చదివేవారు. మొదటి ఆఖరి రోజున ఆ స్టేషన్ వయసు అరవై రెండు. రెండో ఆఖరి రోజుకి ఎనభై ఎనిమిది. నాలుగోసారికి ఒక మహారాజు అక్కడ రైలు కోసం ఎదురుచూశాడు. ఐదోసారికి దాని వయసు నూట తొంభై అయ్యింది.

"మాస్టారూ, అప్పటికి దేశంలో రైళ్లే లేవు కదండీ," అన్నాను చెవిలో.

"స్టేషన్ ముందొచ్చింది, రైలు తర్వాతొచ్చింది. అందుకే మహారాజు అంతసేపు ఎదురుచూశాడు," అన్నారాయన.

అసలు సంగతి అసిరమ్మకి తెలుసు. బెంచీ మీద కూచుని ఎవరూ అడక్కుండానే చెప్పింది. "ఏ రాజూ లేడు, ఏ మంత్రీ లేడు బాబూ. మా అత్త సెప్పీది. బొగ్గింజను నీళ్లకోసం ఇక్కడాగీదట. ఆగిందాన్ని సూసి మావోళ్లెక్కీసినారు. తరవాత నీళ్లక్కర్లేని ఇంజనొచ్చినాది. అయినా ఆగడం మానీనేదు. అలవాటు."

"ఇది రికార్డులో ఎక్కడా లేదమ్మా," అన్నారు కామేశం గారు జాలిగా.

ఈ ఆఖరి రోజులన్నిట్లోనూ అసిరమ్మ రైలెక్కలేకపోయింది. ఆరుసార్లు ఆకు వాడిపోయింది. ఆరోసారి అయ్యాక ఆవిడ మా గుమ్మంలో గంప దించి, నన్నే పిలిచింది.

"సెగట్రీ బాబూ, ఆ కేలండరేదో నాకూ ఒకటియ్యండి. ఆకరి రోజెప్పుడో తెలిస్తే ఆ పూట కూర కొయ్యను."

నాకు మనసు చివుక్కుమంది. సమితి మీటింగులో చెప్పాను. కామేశం గారి కళ్లు చెమర్చాయి. "ఆ స్టేషన్‌కి నిజమైన ప్రయాణికురాలు ఆవిడే. వచ్చే ఆఖరి రోజున ఆవిణ్ని సన్మానించాలి," అన్నారు. ఏకగ్రీవంగా తీర్మానించాం. రైలెక్కించడం అనే మాట ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఏడో ఆఖరి రోజు. ఆరు వేల జనం. రైలుకట్ట పక్కనే స్టేజీ. అసిరమ్మని కుర్చీలో కూచోబెట్టి, గంపలు రెండూ అలంకారంగా ముందు పెట్టాం. ఆ రోజు కేంద్ర కార్యాలయం నుంచి ఒక తనిఖీ అధికారిణి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. మందిరంలో ఏడవలేదు. చేతిలో నొక్కితే లెక్కపెట్టే చిన్న మీటరొకటి పట్టుకుని, ప్లాట్‌ఫాం చివర గొడుగేసుకుని నిలబడింది.

రైలు కూత వినబడింది. సరిగ్గా అప్పుడే కామేశం గారు శాలువా విప్పారు.

"బేగి కానీండి బాబూ! రైలొచ్చీసినాది!" అంది అసిరమ్మ లేవబోతూ.

"కూచోమ్మా, సన్మానపత్రం చదవాలి."

"సదువుకోండి, నానెల్తాను!"

"నువ్వు లేకుండా నీకెలా చదువుతామమ్మా?"

సన్మానపత్రం రెండు పేజీలు. రైలు నాలుగు నిమిషాలాగింది, దండల కోసం. 'నిత్య ప్రయాణశీలీ!' అనే సంబోధన దగ్గర రైలు కదిలింది. శాలువాలో చుట్టేసిన అసిరమ్మ చేతులు బయటికి రాక, మొహంతోనే దాన్ని సాగనంపింది. ఆరువేల మంది చేతులూపారు. తనిఖీ అధికారిణి తన మీటరు చూసుకుని, గొడుగు మూసి, జీపెక్కి వెళ్లిపోయింది.

పదిరోజుల తర్వాత గురివినాయుడు ఫోన్ చేశాడు. "సెగట్రీగోరూ, తాళమేసీసినారండి."

"ఎవరు? ఎప్పుడు?"

"ఏమో, ఇద్దరొచ్చినారు. కిటికీకి తాళమేసినారు, కాయితమంటించినారు, టీ తాగి ఎల్లిపోనారు."

ఆ కాగితం మీద ఇలా ఉంది: 'సదరు స్టేషనునందు టికెట్లు ఆరువేలు విక్రయింపబడినవి. రైలు ఎక్కినవారు: సున్న. ప్రయాణమే లేనిచోట ప్రయాణికులు లేరు. ప్రయాణికులు లేనిచోట స్టేషను లేదు. కావున మూయడమైనది.'

కాలనీ అట్టుడికిపోయింది. మూసినందుకు కాదు, మూయడం మాకు అలవాటే. మాకు చెప్పకుండా మూసినందుకు. కామేశం గారు, "అసలైన ఆఖరి రోజు వచ్చి వెళ్లిపోయింది, మనం లేము!" అన్నారు. ఆ రోజు పార్కులో నిజంగా ఏడ్చారు. ఎవరూ ఫొటో తియ్యలేదు.

నేను విన్నపం రాశాను. 'స్టేషనును తిరిగి ఒక్కరోజు తెరిచి, పద్ధతి ప్రకారం అందరి సమక్షంలో మూయవలసిందిగా ప్రార్థన.' మూసినదాన్ని మూయడానికి తెరిచే రూలు లేదని ఫణిభూషణరావు గారు జవాబిచ్చారు.

దాంతో ఉద్యమం ప్రకటించాం. రిలే నిరాహార దీక్ష అని కొందరన్నారు. మాలో సగం మందికి షుగరు, టైముకి తినాలి. అందుకని 'రిలే వీడ్కోలు దీక్ష' అన్నాం. రోజూ వంతుల ప్రకారం నాలుగు కార్లు టిఫిన్లు చేసి బయల్దేరి వెళ్లాలి. ఏడూ పదికి ఆగకుండా పోయే ఆ రైలుకి చేతులూపాలి. తిరిగి రావాలి. న్యాయం జరిగేదాకా. మంగళవారం నా వంతు.

మొదటి మంగళవారం రైలు దుమ్ము లేపుకుంటూ పోయింది. చేతులూపాను. కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగితే, నా కారు డిక్కీ దగ్గర రెండు గంపలు, వాటి పక్కన అసిరమ్మ.

"బాబూ, ఇది కాళీగానే ఎల్తాది కాదేటి?"

డిక్కీ తెరిచాను. సన్మానం నాడు కప్పిన శాలువా తడిపి ఆకుకూర మీద కప్పింది. ఎనిమిదికి ఇరవై నిమిషాలుండగానే కాలనీలో దింపాను. ఆవిడ రైల్లో వచ్చే టైము కంటే ముందు. సుభద్ర గోంగూర చేతిలోకి తీసుకుని, నావైపు చూసి, అడక్కుండానే రెండో కాఫీ ఇచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో అడక్కుండా రెండో కాఫీ రావడం అదే మొదలు.

బుధవారం నుంచి అసిరమ్మతో పాటు మోకాళ్లనొప్పుల మందుకి వచ్చే ముసలాయన, పాలవాడు, కుట్టుమిషను నేర్చుకునే ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. రెండు వారాలకి నాలుగు కార్లూ నిండాయి. ఎవరు ఏ కారెక్కాలో తగువులొస్తుంటే గురివినాయుడు మళ్లీ తన కిటికీ దగ్గరే, తాళం తియ్యకుండా బయట కూచుని, చీటీలు రాయడం మొదలెట్టాడు. 'తెల్లకారు, వెనకసీటు, కిటికీ వైపు.' అరవై మూడేళ్లలో గంగిరేగువలస స్టేషన్ అంత బాగా ఎప్పుడూ నడవలేదు. నడవాలంటే మూసి ఉండాలని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

తెలిసేసరికి ఫణిభూషణరావు గారు వచ్చేశారు. ఫైలు ఇంకా లావెక్కింది. అసిరమ్మ ఊరివాళ్లనీ, మమ్మల్నీ ప్లాట్‌ఫాం మీద నిలబెట్టి చదివారు.

"మూసివేసిన స్టేషను నుండి అనధికారికముగా దినమునకు పదహారుమంది ప్రయాణించుచున్నట్లు గమనించడమైనది. పదిహేను దాటినందున సదరు స్టేషను తెరువదగినదిగా భావింపబడుచున్నది. అభ్యంతరములున్నచో ఇప్పుడే తెలుపవలెను."

కామేశం గారు నా భుజం పట్టుకుని, "సాధించాం సెక్రటరీ! రేపట్నుంచి దీక్ష విరమణ. హాయిగా పడుకోవచ్చు," అన్నారు.

"అబ్యంతరం!" అని వినబడింది.

అందరం తిరిగి చూశాం. అసిరమ్మ బెంచీ మీంచి లేచింది.

ఫణిభూషణరావు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "మీరు రోజువారీ ప్రయాణికురాలు కదమ్మా. స్టేషన్ తెరిస్తే మీకేమిటి అభ్యంతరం?"

"ఒగ్గీండి బాబూ, మీకు పున్నెముంటాది. మూసున్నాదనే గదా ఈ బాబులందరూ కార్లేసుకొచ్చి ఏడుస్తన్నారు? తెరిసేరంటే ఒక్కడు రాడు. నాకు తెల్దేటి, పదేళ్లు తెరిసుంటే సూసినాను గదా! రైలొస్తాదంటారు. మూడు నెల్లకి మల్లీ ఆకరి రోజంటారు. మల్లీ సాలవా కప్పుతారు. నానేటైపోవాల?"

"మరేం చెయ్యమంటారు?"

"తాళం అలాగే ఉండనీండి. బాగుంది."

వెనకాల ఊరివాళ్లు, "అవును బాబూ, ఉండనీండి!" అన్నారు. మోకాళ్లనొప్పుల ముసలాయన అందరికంటే గట్టిగా అన్నాడు. ఆయనకి తెల్లకారు వెనకసీటు అలవాటైపోయింది.

అభ్యంతరాల గడిలో రాయడానికి ఫణిభూషణరావు గారికి పాతికేళ్ల సర్వీసులో మొదటిసారి ఏదైనా దొరికింది. ఆయన మొహం వెలిగిపోయింది. 'ప్రయాణికుల సౌకర్యార్థం స్టేషనును శాశ్వతముగా మూసియుంచడమైనది' అని రాసి, కింద అసిరమ్మ వేలిముద్ర తీసుకున్నారు.

కామేశం గారు తాళం వైపు ఒకసారి, తన కారు వైపు ఒకసారి చూశారు. తర్వాత, "అంటే రేపు కూడా రావాలా?" అన్నారు.

"రాపోతే ఎలాగ బాబూ?" అంది అసిరమ్మ. "దీచ్చ కాదేటి? న్నాయం జరిగీదాకా అన్నారు గదా. జరగలేదు గదా!"

ఆ న్యాయం ఇప్పటికీ జరగలేదు. రెండేళ్లయింది. మంగళవారం ఇప్పటికీ నాదే. మొన్న దారిలో గేదెలు అడ్డొచ్చి, నేను వెళ్లేసరికి ఏడూ పన్నెండయింది. అసిరమ్మ గంపలతో బోర్డు కింద నిలబడి ఉంది. నన్ను చూసి, రైలు పోయిన వైపు ఒకసారి చూసి, డిక్కీలో గంప పెడుతూ అంది.

"రెండు నిమిసాలు లేటు సెగట్రీ బాబూ. ఇలాగైతే నిన్ను మూసీవలసొస్తాది."